తుపాకీ లైసెన్స్ రికార్డులు.. దాచాలా? చెరిపేయాలా? ఉండి నుంచి కెనడా దాకా అసలు సంగతి ఇదీ!

ఎన్నికల షెడ్యూల్ వచ్చిందంటే చాలు.. ఉండి, ఆకివీడు, కాళ్ల, పాలకోడేరు.. ఏ మండలమైనా సరే, లైసెన్స్ తుపాకీ ఉన్న ఇంటికి స్టేషన్ నుంచి కబురు వెళ్లడం మామూలే. 'తుపాకీ తెచ్చి అప్పజెప్పండి' అని. ఎవరు అప్పజెప్పాలో కలెక్టర్, ఎస్పీ ఉండే స్క్రీనింగ్ కమిటీ తేలుస్తుంది. ఫలితాలొచ్చాక వారం తర్వాత తిరిగి ఇచ్చేస్తారు.

మరి ఎవరింట్లో తుపాకీ ఉందో వాళ్లకెలా తెలుసు? రికార్డు ఉంది కాబట్టి. ఆ రికార్డును సర్కారు ఎన్నాళ్లు దాచుకోవాలి? పని అయిపోయాక చెరిపేయాలా? చాలా దేశాల్లో గట్టిగా నలుగుతున్న ప్రశ్న ఇది. మన దగ్గర పెద్దగా ఎవరూ అడగరు. కానీ అడగాల్సిన ప్రశ్నే.

మన లైసెన్సుల లెక్క ఎక్కడుంటుంది?

జిల్లాల్లో తుపాకీ లైసెన్స్ ఇచ్చేది జిల్లా మెజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్. ఆధారం 1959 ఆయుధ చట్టం, 2016 నిబంధనలు. ఇప్పుడు ప్రతి లైసెన్సుకూ యూఐఎన్ అనే ప్రత్యేక నంబర్ ఉండాల్సిందే. ఆ వివరాలన్నీ ఎన్‌డీఏఎల్ అనే జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కుతాయి.

ఇక్కడ మనకో మెలిక ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. ఉండి భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. ఏలూరు వేరే జిల్లా అయింది. అంతకుముందు ఈ ప్రాంతానికి జిల్లా కేంద్రం ఏలూరే. అంటే పాత లైసెన్స్ పుస్తకం మీద ఉన్న ముద్ర ఒక జిల్లాది, రెన్యువల్‌కు వెళ్లాల్సిన ఆఫీసు ఇంకో జిల్లాది. ఇలాంటప్పుడు పాత ఫైలు లేకపోతే ఇబ్బంది పడేది పోలీసులు కాదు, లైసెన్స్ ఉన్న మనిషే. తన తుపాకీ సక్రమమైనదేనని చూపించుకునే కాగితం అదే కదా!

కొల్లేరు వల్ల ఇంకో పుస్తకం కూడా ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం అభయారణ్యంలోనూ, దాని చుట్టూ 10 కిలోమీటర్ల లోపలా ఉండే లైసెన్సుదారులు అటవీశాఖ దగ్గరా పేరు నమోదు చేయించుకోవాలి. కొత్త లైసెన్స్ ఇవ్వాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలి. కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది 1999లో. +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు. చెరువు మీద వాలే పిట్టలతో విసిగిపోయిన రైతులకు ఈ సెక్షన్ సంగతి తెలిసి ఉండటం మంచిది. ఎక్కడైనా కొంగో, గూడబాతో తూటా తగిలి పడితే అధికారులు ముందు తిరగేసేది ఈ జాబితానే.

కెనడా చెరిపేసింది.. ఆ తర్వాత?

రికార్డులు చెరిపేయడంలో పెద్ద ఉదాహరణ కెనడా. రైఫిళ్లు, షాట్‌గన్‌ల రిజిస్ట్రీకి అయిన ఖర్చు మీద అక్కడ ఏళ్ల తరబడి గొడవ నడిచింది. నేరస్తుల్ని వదిలేసి వేటగాళ్లను, రైతులను సతాయిస్తున్నారన్న కోపమూ ఉంది. చివరికి 2012లో చట్టం చేసి ఆ రిజిస్ట్రీని ఎత్తేశారు, డేటాను కూడా ధ్వంసం చేశారు. 'మా ప్రావిన్స్ డేటా మాకివ్వండి' అంటూ క్యూబెక్ సుప్రీంకోర్టుకెళ్లింది. 2015 మార్చిలో 5-4 తేడాతో ఓడిపోయింది.  తర్వాత క్యూబెక్ సొంత రిజిస్ట్రీని మళ్లీ మొదటి నుంచి కట్టుకుంది.

గమనించారా? చెరిగిపోయింది కాగితమే, తుపాకులు కాదు.

అమెరికా కథ ఇంకా విచిత్రం. కొనేవాడి నేర చరిత్ర చూసి 'సరే' అన్నాక ఆ వివరాలను 24 గంటల్లో చెరిపేయాలని అక్కడి చట్టం. కానీ మూతపడిన తుపాకీ దుకాణాల పుస్తకాలు మాత్రం వెస్ట్ వర్జీనియాలోని ఒక కేంద్రానికి చేరతాయి. యజమాని పేరు కొట్టి వెతకడానికి వీల్లేదు.

చెరిపేయమనే వాళ్ల భయం ఉత్తిదేం కాదు. జాబితా ఉంటే రేపు సర్కారు ఇంటికొచ్చి లాక్కుంటుందని ఒక భయం, లీకైతే దొంగలకు చిరునామా దొరుకుతుందని ఇంకో భయం. మనకూ ఆ అనుభవం ఉంది. 1878లో తెల్లదొరలు తెచ్చిన ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్స్ తప్పనిసరి చేసి, యూరోపియన్లను వదిలేసింది. ఆ చట్టం నడుస్తున్న రోజుల్లోనే, 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషన్ మీద దాడి చేశారు. ఏమేం తీసుకెళ్లారో స్టేషన్ పుస్తకంలోనే రాసి మరీ వెళ్లారు. అల్లూరి వారి సొంతూరు మోగల్లు మన పాలకోడేరు మండలంలోదే. ఆ దాడిలో 11 తుపాకులు పోయాయని వందేళ్ల తర్వాత కూడా చెప్పగలుగుతున్నామంటే లెక్క రాసి ఉంచబట్టే.

ఇక జమ్మూ కశ్మీర్ సంగతి చూడండి. 2012-16 మధ్య 2.78 లక్షలకు పైగా లైసెన్సులు అనర్హులకు ఇచ్చారన్న ఆరోపణలపై సీబీఐ దర్యాప్తు చేసింది. ఆ జారీ రిజిస్టర్లే లేకపోతే దర్యాప్తు ఎక్కడ మొదలుపెట్టాలి?

మా లెక్కలో తుపాకీ రికార్డు వేరు, మనిషి రికార్డు వేరు. సీరియల్ నంబర్, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లింది అన్నది ఆ తుపాకీని ముక్కలు చేసేదాకా ఉండాల్సిందే. తుపాకీ సరెండర్ చేసేసిన పెద్దాయన మెడికల్ సర్టిఫికెట్, పోలీసు విచారణ కాగితాలు మాత్రం తరాల తరబడి సర్వర్‌లో ఎందుకు?

ఇంట్లో పెద్దాయన కాలం చేసి, ఆయన డబుల్ బ్యారెల్ ఇంకా బీరువాలోనే ఉంటే మాత్రం ఆలస్యం చేయొద్దు. సెక్షన్ 21 ప్రకారం దాన్ని దగ్గర్లోని స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో జమ చేయాలి. వారసులు తమ పేరిట లైసెన్స్ తెచ్చుకున్నాకే వెనక్కి తీసుకోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒక్కరి దగ్గర మామూలుగా రెండుకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవైనా సరే. లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకుంటే కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. వెళ్లేటప్పుడు పాత లైసెన్స్ పుస్తకం వెంట పట్టుకెళ్లండి.. దాని మీద ఉన్నది ఏలూరు ముద్రే అయినా పారేయొద్దు.