నడికట్టు చేయు గాయము

మా మనుబోలును ఒరసికొని పోవు కోల్‌కతా–చెన్నై రహదారి 2010 వరకు 5వ నంబరుది, నేడు 16వది. ఆ దారిన పోవు పెండ్లివారి కార్లలో ఒక వింత కానవచ్చును. సీటు బెల్టులో భుజము మీదుగా రావలసిన పట్టీని వీపు వెనుకకు నెట్టి, ఒడిలోని పట్టీని మాత్రము బిగించుకొందురు. మెడకు ఒరసుకొనునట, పట్టుచీర నలుగునట! ఈ అలవాటు తెచ్చిపెట్టగల గాయమునకు వైద్యశాస్త్రమున పెద్ద చరిత్రయే కలదు.

తాటిచెట్టు మీదనుండి పడినవాని వెన్నుపూస సామాన్యముగా ముందువైపున నలిగి చదునగును. 1948లో బ్రిటనులోని ఎక్స్‌రే వైద్యుడు జి. క్యూ. చాన్స్ వేరొక రకమును వర్ణించెను. అందు పూస అడ్డముగా, వెనుకనుండి ముందుకు చీలినది. (చాన్స్ ఆయన ఇంటిపేరు, అదృష్టమని భ్రమపడు విద్యార్థులు లేకపోలేదు.)

అమెరికా కార్లలో నడికట్టులు వ్యాపించిన పిమ్మట ఈ చీలిక తరచు కానవచ్చెను. 1962లో గారెట్, బ్రౌన్‌స్టైన్ అనువారు పట్టీ గాయములకు ఒక పేరు పెట్టిరి. 1969లో స్మిత్, కాఫర్ అనువారు నడుముపూసలకు ఏమగునో విప్పిచెప్పిరి. చెరకుగడను మోకాటికి ఆనించి వంచి చూడుడు: మోకాటి వైపు కాక ఆవలివైపు మొదట చిట్లును. కారు హఠాత్తుగా ఆగినపుడు పొట్టమీది పట్టీయే ఆ మోకాలు. మనిషి దానిపై మడతపడును, వెన్ను వెనుకభాగము సాగి తెగును. పట్టీకి, వెన్నుకు నడుమ చిక్కునది ప్రేవు! అందుచేతనే పొట్టపై కమిలిన చార కనబడినచో వైద్యుడు కడుపును మరువరాదు. నడుమునొప్పి గోలలో చిరిగిన ప్రేవు మరుగుపడెనా, ప్రాణమునకే ముప్పు.

చీలిక ఎముకగుండానే పోయినచో, వెన్నును వెనుకకు వంచి ప్లాస్టరు కట్టు వేసిన అతుకుకొనును. పూసలను కలిపిపట్టు బంధకములు తెగినచో కట్టు చాలదు, శస్త్రచికిత్స కావలెను.

హూస్టనులో పాల్ హారింగ్టన్ పోలియో వలన వెన్ను వంకరపోయిన పిల్లలకై ఉక్కు కడ్డీలు కల్పించి, 1962లో ఆ పద్ధతిని ప్రకటించెను. ఒక కడ్డీ పూసలను ఎడముచేయును, ఇంకొకటి దగ్గరకు లాగును. నలిగిన పూసను నిలబెట్టుటకు మొదటిది పనికివచ్చెను. నడికట్టు గాయమునకు అదియే వాడినచో తెరచుకొన్న చీలిక మరింత తెరచుకొనును! ఇచ్చట దగ్గరకు లాగునదే కావలెను. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టమిది.

పారిస్‌లో రోయ్-కామియ్ 1963 నుండి పూస కాడలగుండ మరలు బిగించెను. నేడు ఆ పద్ధతియే ప్రధానము. గాయమునకు పైన, క్రింద ఉన్న పూసలలో మరలు బిగించి కడ్డీలతో కలుపుదురు. రోగి త్వరలోనే లేచి కూర్చుండగలడు. వెన్నుపాము తెగియున్నచో మాత్రము ఏ మరయు దానిని అతుకలేదు.

1959లోనే స్వీడనున వోల్వో ఇంజనీరు నీల్స్ బోలిన్ భుజపు పట్టీని నడికట్టుతో చేర్చి, మూడుచోట్ల పట్టునట్లు చేసెను. ఛాతి ఆగును గనుక మనిషి మడతపడడు. మన దేశమున 2019 చట్టసవరణ పట్టీ పెట్టుకొననివారికి 1,000 రూపాయల జరిమానా విధించినది. భుజపు పట్టీని వెనుకకు నెట్టినవారు జరిమానా తప్పించుకొందురేమో గాని, కూర్చున్నది మాత్రము బోలిన్‌కు పూర్వపు కారులోనే. క్రింది పట్టీ సయితము పొట్టపై కాక తుంటియెముకలపై ఆనవలెను. ఆ దెబ్బకు తుంటి ఓర్చును, ప్రేవు ఓర్వదు.