కన్ను చెప్పిన కంఠవ్యాధి

1835లో డబ్లిన్ వైద్యుడు గ్రేవ్స్, 1840లో జర్మనీ వైద్యుడు బేసెడో, ఉబ్బిన కంఠమును, దడదడలాడు గుండెను, పొడుచుకొనివచ్చిన కనుగ్రుడ్లను ఒకే వ్యాధి లక్షణములుగా వర్ణించిరి. దేహమును కాపాడవలసిన శక్తియే దారితప్పి థైరాయిడ్ గ్రంథిని రెచ్చగొట్టి, కంటివెనుక కండరములకు, కొవ్వునకు వాపు తెచ్చునని తరువాత తేలినది. రెప్పలు పైకి లాగుకొనుట, నీరు కారుట, ఒక వస్తువు రెండుగా కనబడుట దీని గుర్తులు.

పొగ త్రాగువారికి ఇది మరింత ముదురును. శ్రీకాకుళం జిల్లాలో చుట్టనిప్పును నోటిలోపల నుంచి పీల్చు 'అడ్డపొగ' చిరపరిచితము. 1971లో ప్రకటితమైన పరిశోధన 10,169 మంది గ్రామీణులను పరీక్షించి, అంగిటికి దానివలన కలుగు కీడును చూపినది. పొగ కీడు అంగిటితో ఆగదు.

గ్రంథిని మందులతో అదుపుచేయుదురు. వాపు తీవ్రమైనచో స్టెరాయిడ్లు, వ్యాధి నెమ్మదించిన పిదప అవసరమునుబట్టి శస్త్రచికిత్స కలవు. చూపు మందగించినచో జాప్యము తగదు. చుట్ట మానుట మాత్రము రోగి చేతిలోని మందు.