మేడారం శాసనసభ ఉప ఎన్నిక (2008)

అప్పటి కరీంనగర్ జిల్లాలోని మేడారం (ఎస్సీ) శాసనసభ స్థానానికి 2008 మే 29న జరిగిన ఉప ఎన్నిక ఇది. తెలంగాణ రాష్ట్ర సమితి (తెరాస) శాసనసభ్యుడు కొప్పుల ఈశ్వర్ రాజీనామాతో ఖాళీ అయిన స్థానాన్ని తిరిగి ఆయనే గెలుచుకున్నారు. సమ్మక్క సారలమ్మ జాతర జరిగే మేడారం వేరు. ఈ మేడారం ధర్మారం మండలంలోని ఊరు. నియోజకవర్గానికి పేరు ఆ పల్లెదే అయినా, ఓటర్లలో పెద్ద భాగం రామగుండం, గోదావరిఖని ప్రాంతంలోని బొగ్గుబాయిల కాలనీల్లో ఉండేవారు.

2004లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని తెరాస 26 శాసనసభ స్థానాలు, 5 లోక్‌సభ స్థానాలు గెలిచింది. ప్రత్యేక తెలంగాణ రాష్ట్రంపై అడుగు ముందుకు పడకపోవడంతో పొత్తు చెడింది. 2006 డిసెంబరులో కరీంనగర్ లోక్‌సభ ఉప ఎన్నికలో తెరాస అధినేత కె. చంద్రశేఖరరావు రెండు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలవడం పార్టీకి కొత్త ఊపిరి పోసింది. అదే ధీమాతో 2008 మార్చి మొదట్లో 16 మంది శాసనసభ్యులు, నలుగురు ఎంపీలు ఒక్కసారిగా పదవులు వదిలారు. మేడారం ఓటర్లకు మాత్రం అసెంబ్లీ ఓటు ఒక్కటే దక్కింది. ఎందుకంటే వారి లోక్‌సభ స్థానమైన పెద్దపల్లి ఎంపీ, కాంగ్రెస్ నేత జి. వెంకటస్వామి పదవిలోనే ఉన్నారు.

ఈ ఎన్నికలో అసలు విశేషం వేరే ఉంది. నియోజకవర్గాల పునర్విభజన ఉత్తర్వు అదే ఏడాది ఫిబ్రవరి 19న అమల్లోకి వచ్చింది. అందులో మేడారం పేరు లేదు. దాని స్థానంలో రామగుండం, ధర్మపురి కొత్తగా వచ్చాయి. అయితే సభ రద్దయ్యే వరకు ఉప ఎన్నికలు పాత హద్దుల ప్రకారమే జరగాలి. పైగా ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఖాళీని ఆరు నెలల్లో భర్తీ చేయాలి. మిగిలిన పదవీకాలం ఏడాదికి తక్కువైతేనే మినహాయింపు. రాజీనామాల నాటికి సభకు ఏడాదికి పైగా గడువుంది. మరికొన్ని నెలలు ఆగి రాజీనామా చేసి ఉంటే మేడారంలో ఈ పోలింగే ఉండేది కాదు. అలా కాగితం మీద అప్పటికే చెరిగిపోయిన నియోజకవర్గానికి జనం ఓటు వేయాల్సి వచ్చింది.

పోలింగ్ రోహిణి కార్తెలో వచ్చింది. రాష్ట్రంలో ఎండ తీవ్రతకు పేరుపడ్డ ఊళ్లలో రామగుండం ముందుంటుంది. బొగ్గుబెల్టులో రాజకీయం బాయి గేటు దగ్గరే మొదలవుతుంది. షిఫ్టుకు మస్టరు పడేముందు నాయకుడు మైకు పట్టుకుంటాడు. టిఫిను డబ్బా చేతపట్టుకున్న కార్మికులు నిలబడి వింటారు, హారన్ మోగగానే కదిలిపోతారు. సింగరేణి బొగ్గు గనుల సంస్థలో ఉద్యోగం చేసి రాజకీయాల్లోకి వచ్చిన ఈశ్వర్‌కు ఆ గేటు కొత్త కాదు. అయినా కార్మికుల ఓటు ఏ ఒక్కరి జేబులోనూ ఉండేది కాదు. 2007 గుర్తింపు సంఘం ఎన్నికల్లో సింగరేణి కార్మికులు వామపక్ష సంఘం ఏఐటీయూసీని గెలిపించారు. బాయిలో ఎర్రజెండా సంఘం, అసెంబ్లీకి తెరాస గులాబీ జెండా: హక్కులు ఒకరికి, రాష్ట్రం కోరిక మరొకరికి అప్పగించిన ఆ తీర్పులో గందరగోళం లేదు, లెక్క ఉంది.

జూన్ 1న వెలువడిన ఫలితాలు తెరాసకు గట్టి దెబ్బ. వదిలిన 16 శాసనసభ స్థానాల్లో 7, నాలుగు లోక్‌సభ స్థానాల్లో 2 మాత్రమే నిలిచాయి. కరీంనగర్‌లో చంద్రశేఖరరావు ఆధిక్యం సుమారు 15 వేలకు పడిపోయింది. సిద్దిపేటలో హరీశ్‌రావు, కమలాపూర్‌లో ఈటల రాజేందర్‌తో పాటు సీటు నిలబెట్టుకున్న కొద్దిమందిలో ఈశ్వర్ ఒకరు. రాష్ట్రమంతా ఓటమి గురించే మాట్లాడుకోవడంతో మేడారం గెలుపుకు దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

2009 సాధారణ ఎన్నికలతో మేడారం నియోజకవర్గం అంతరించింది. ఈశ్వర్ ధర్మపురి (ఎస్సీ)కి మారి గెలిచారు. జనరల్ స్థానంగా ఏర్పడిన రామగుండంలో స్వతంత్ర అభ్యర్థి సోమారపు సత్యనారాయణ నెగ్గారు. అందుకే 2010లో తెరాస మళ్లీ రాజీనామాల బాట పట్టినప్పుడు గోదావరిఖనిలో పోలింగ్ జరగలేదు. ఆ జులై 27న బొగ్గుబెల్టు ఓటు నదికి ఆవలి మంచిర్యాల, చెన్నూరుల్లో పడింది; రెండు చోట్లా తెరాస గెలిచింది. ధర్మపురిలోనూ అదే రోజు ఉప ఎన్నిక జరగ్గా, ఈశ్వర్ మరోసారి గెలిచారు.