అరుగు కింద పొరలు

మా వీధిలో పాత మండువా లోగిలి ఒకటి రెండేళ్ళ కిందట పడగొట్టారు. డాబాకి పునాది తవ్వుతుంటే గట్టు మీద నిలబడి చూశాను. పైన సిమెంటు పెళ్ళలు. వాటి కింద ముద్ర వేసిన బెంగుళూరు పెంకు ముక్కలు, గుల్లసున్నం. ఇంకా దిగితే కుమ్మరి గూనపెంకు, ఒండ్రులో కుళ్ళిన తాటి నిట్రాట మొదలు. మేస్త్రి అంతా కలిపి ట్రాక్టర్లో పోయించేశాడు. వేలిముద్రలు పడిన గూనపెంకు ఒకటి నేను ఇంటికి తెచ్చుకుంటే, మా ఆవిడ తులసికోట పక్కన పెట్టింది.

కెనడాలో లాబ్రడార్ తీరాన ఇన్యుట్ల ఇళ్ళని ఇలాగే పొరలు విప్పి చదివారు. రాళ్ళూ పచ్చికగడ్డలూ పేర్చి కట్టుకున్న చలికాలపు ఇల్లు, తెల్లవాళ్ళతో బేరాలు పెరిగిన 18వ శతాబ్దానికి, కొన్ని కుటుంబాలు కలిసి పట్టేంత పెద్దదయింది. చలి ముదరడం వల్ల అన్నారు కొందరు, తిమింగలం సరుకుల బేరం వల్ల అన్నారు ఇంకొందరు. తవ్వేవాళ్ళొక్కళ్ళతో తేలే పని కాదది. ఎముకలు, పుప్పొడి, పురుగుల రెక్కలు పరీక్షించేవాళ్ళూ, 1771లో నెయిన్‌లో దిగిన మొరేవియన్ మిషనరీల కాగితాలు చదివేవాళ్ళూ కలిశారు.

తెల్లవాళ్ళు మా నగరం ఊరికీ దగ్గరే. బోడసకుర్రు వంతెన దాటి వెళితే బెండమూర్లంక. అక్కడి ఇంగ్లీషు కంపెనీ కోఠీని 1757లో ఫ్రెంచి బుస్సీ పట్టుకున్నాడు. వశిష్ఠ గోదావరి అవతల నరసాపురం పక్కన మాధవాయిపాలెం నేతగుడ్డ, ఊరి పేరుతోనే ‘మడపొల్లం’ అయి ఐరోపా అంగళ్ళకెక్కింది. అయినా గుడ్డ కొన్న దొరల వల్ల మా ఇంటి కప్పులు మారాయంటే నేను నమ్మను. మార్చింది నీళ్ళు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ వెంటనే హేగ్ దొర గన్నవరం దగ్గర గోదావరి పాయ వైనతేయ మీద 49 ఆర్చీల అక్విడెక్టు కట్టించాడు. ఏటి మీదుగా కాలవ నడిచొచ్చింది. పాత ఇంగ్లీషు రికార్డుల్లో ఈ లంకంతటికీ మా ఊరి పేరే, నగరం ద్వీపం. వరి పండాక గాని తాటాకు తీసి పెంకు వేసే తాహతు రాలేదు.

ఆ పెంకులో మాత్రం దొరల చెయ్యి ఉంది. మనం బెంగుళూరు పెంకు అంటాం గాని, దాని పుట్టిల్లు 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగుళూరులో పెట్టిన ఫ్యాక్టరీ. కప్పు వాళ్ళది, మండువా మనది: వాన నాలుగు చూరుల నుంచీ ఇంటి మధ్యకే పడాలి, గంగాళాలు అక్కడే నిండాలి.

1996 నవంబరు 6 తుఫానుకి ఆ పెంకులు కాగితాల్లా లేచిపోయాయి. అక్కణ్ణించీ అందరి మనసూ శ్లాబు మీదే.

2014 జూన్ 27 తెల్లవారుజామున మా ఊళ్ళోనే ఇంకోవైపు గ్యాస్ పైపు పేలి, మనుషులతో సహా ఇళ్ళూ కొబ్బరిచెట్లూ కాలిపోయాయి. అటువైపు నేలలో ఇంకో పొర, బూడిదది, చేరింది. మా వీధి తవ్వకంలో అది కనబడలేదు. మంట మా దాకా రాలేదు.