మసక వెలుగున గురి

మంచె యనునది మనకు క్రొత్త కాదు. జొన్నచేనికి కావలి కాచినది మంచెపైననే. పులికై దొరలు పొంచియున్నదియు మంచెపైననే. మునిమాపున ఆ రెండవ మంచెపై కూర్చున్నవాని కంటికి తోడు వచ్చిన గాజును గూర్చి నేడు మనవి చేయుదును.

నిజాము రాజ్యమున మెదకు జిల్లాకు సంగారెడ్డియే కేంద్రము. ఆ జిల్లాలోని పోచారము అడవి నిజాముల వేటకు ప్రత్యేకింపబడియుండెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను (1869–1911) పులివేటకు పేరుపడినవాడు. పగలు డప్పులతో అడవిని తోలించుట ఒక పద్ధతి. దున్నదూడను ఎరగా కట్టి, ప్రొద్దు గ్రుంకువేళ మంచెపై కాచుట మఱియొకటి. ఈ రెండవ దానిలో తుపాకి కలదు, గుండు కలదు, లేనిది వెలుగు. నల్లని గురిపూస నల్లని పొదలో కలిసిపోవును. అందుచేత కొందఱు దంతపు పూసను అమర్చుకొనెడివారు, కొందఱు తెల్లరంగు పూసెడివారు.

గురి పూర్తిగా తప్పిన చింతలేదు. సగము తగిలిననే కీడు. వేటగాడు మరునాడు బస యెత్తివేయును. గాయపడిన పులితో కాపురము చేయవలసినది ఊరివారు. 436 మందిని పొట్టబెట్టుకొన్నదని చెప్పబడిన చంపావతి ఆడపులిని 1907లో కుమావూను కొండలలో జిమ్ కార్బెట్ చంపి చూడగా, దాని కుడివైపు కోఱలు ఎన్నడో తగిలిన తుపాకి దెబ్బకు విఱిగియుండెను. సహజమైన వేట చేయలేకనే అది మనుష్యులపై బడినదని ఆయన నిర్ణయము. ఎవని గురి అట్లు తప్పెనో ఎవరికిని తెలియదు.

తుపాకిపై దుర్భిణి బిగించుట 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధమునందే కలదు. కాని మసకవేళకు తగిన దుర్భిణి యేది? ఎక్కువ దగ్గఱ చేసి చూపునదే మేలని పలువురు తలంతురు. ఇది పొరపాటు. ముందుగాజు వెడల్పును, ఎన్నిరెట్లు పెద్దదిగా చూపునో ఆ సంఖ్యచే భాగింపవలెను. 56 మిల్లీమీటర్ల గాజు 8 రెట్లు చూపినచో, కంటికి వచ్చు వెలుగుకట్ట వెడల్పు 7 మిల్లీమీటర్లు. 40 మిల్లీమీటర్లది 12 రెట్లు చూపినచో, 3 కంటె కొంచెము హెచ్చు, అంతియే. పగలు రెండును ఒక్కటే. చీకటి పడగానే రెండవదానిలో బొమ్మ పెద్దదే గాని మసి పూసినట్లుండును. దుర్భిణిని చేయిచాచి పట్టి ఆకాశమువైపు త్రిప్పిన, వెనుకగాజులో తెల్లని చిన్న బిళ్ల కనబడును. ఆ వెలుగుకట్ట అదియే. కొనువాడు అంగడిలోనే చూచుకొనవచ్చును. చీకటిలో అడవిపందికై కాచు జర్మను వేటగాండ్రు 8 రెట్ల, 56 మిల్లీమీటర్ల దానినే మెచ్చుట ఇందుచేతనే. వారి గురిగీతలును వెండ్రుకవలె సన్నమైనవి గావు, మొద్దుగీతలు.

గాజు తానును కొంత వెలుగును మ్రింగును. పూతలేని గాజు ప్రతి ముఖమునందును నూటికి నాలుగు పాళ్లు వెనుకకు మరలును. పది ముఖములు దాటునప్పటికి మూడవ వంతు పోయినట్లే. 1935లో జైసు కర్మాగారమున స్మకులా యను పండితుడు కనుగొన్న పలుచని పూత ఈ నష్టమును చాలవఱకు మాన్పెను.

ఇంత నేర్చునప్పటికి మన దేశమున వేట కాలము తీఱినది. పోచారము 1952లో అభయారణ్యమాయెను. 1972 చట్టము వేటను బిగించెను. 1991 సవరణతో వినోదపు వేటకు అనుమతిపత్రములే లేకుండపోయెను. మంచి పనియే జరిగినది. గాజు విద్య మాత్రము నశింపలేదు. 1926లో బందరున వెలసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్సులో చేరి, సైన్యమునకు రాత్రి చూచు సాధనములు చేయుచున్నది. అవి కొద్ది వెలుగునే విద్యుత్తుచే పెంచి చూపునవి. మన సంగారెడ్డి చెంతనే యద్దుమైలారమున 1984లో నెలకొన్న కర్మాగారపు యుద్ధశకటములకును రాత్రి చూపు కలదు.

ఇక 1978 నుండి అభయారణ్యమైన మంజీర యొడ్డున సాయంతనము మొసళ్లను, పక్షులను చూడగోరు పెద్దలకొక మాట. పడుచువాని కనుపాప చీకటిలో 7 మిల్లీమీటర్లు విచ్చును. అఱువది దాటినవానికి 5 విచ్చుటయే గొప్ప. వచ్చిన వెలుగులో అంతకు మించినది కంటి బయటనే నిలిచిపోవును. కావున 10 రెట్ల, 50 మిల్లీమీటర్ల జోడుదుర్భిణి మీకు చాలును; 7 మిల్లీమీటర్ల వెలుగుకట్టదానిని మనుమనికి కొనిపెట్టుడు.