పాస్‌పోర్టులోని ‘లెట్’ అంటే ‘అనుమతించు’ కాదు: ఇంగ్లీషులో పాత మాటలు, యాస మాటలు

గల్ఫ్‌కు వెళ్లినవాళ్లున్న ఇళ్లలో పాస్‌పోర్టు తెలియని వాళ్లుండరు. అందులో రాష్ట్రపతి పేరిట ఉండే వాక్యంలో ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రన్స్’ అని రాసి ఉంటుంది. బడిలో నేర్చుకున్న ‘లెట్’ అంటే అనుమతించడం. ఆ లెక్కన చదివితే అర్థం తలకిందులవుతుంది. ఇక్కడ ‘లెట్’ అంటే అడ్డంకి. ఒకప్పుడు ఇవి రెండు వేర్వేరు మాటలు. కాలం గడిచేకొద్దీ పలకడం, రాయడం ఒకటైపోయాయి. అడ్డంకి అనే అర్థం ఇలాంటి కాగితాల్లో, టెన్నిస్ ఆటలో మాత్రం మిగిలింది.

ఇలా చూడటానికి తెలిసినట్టే ఉండి వేరే అర్థమిచ్చే మాటలు ఇంకొన్ని చూద్దాం.

మీట్: ఇప్పుడు మాంసం. పాత పుస్తకాల్లో ఏ తిండైనా ‘మీటే’. ‘స్వీట్‌మీట్’ అంటే మిఠాయి, అందులో మాంసం లేదు కదా!

డీర్: ఇప్పుడు జింక. పాత ఇంగ్లీషులో ఏ జంతువైనా సరే. జర్మన్‌లో దీని చుట్టం ‘టీర్’కు ఇప్పటికీ జంతువు అనే అర్థం.

నైస్: ఇప్పుడు మెచ్చుకోలు. ఏడెనిమిది వందల ఏళ్ల కింద ‘తెలివితక్కువ’ అనే తిట్టు.

స్టార్వ్: ఇప్పుడు ఆకలితో మాడటం. మొదట్లో చనిపోవడం. ఉత్తర ఇంగ్లండ్ యాసలో చలికి వణకడం. అక్కడి పెద్దాయన ‘స్టార్వింగ్’ అంటే అన్నం కాదు, దుప్పటి ఇవ్వాలి.

లర్న్: ఇప్పుడు నేర్చుకోవడం. యాసల్లో నేర్పడం కూడా. ఇదివరకు పుస్తకాల్లోనూ అలాగే రాసేవారు.

దౌ: ఇది గౌరవ పదమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇది ఉర్దూలో ‘తూ’ లాంటిది, ‘యూ’ మన ‘ఆప్’. యార్క్‌షైర్ పల్లెల్లో పెద్దవాళ్లు ‘దా’ అనడం ఇంకా వినిపిస్తుంది. నిజాం కొలువులో పనిచేసిన పిక్తాల్ 1930లో అచ్చువేసిన ఖురాన్ ఇంగ్లీషు అనువాదంలో ఒక్కరిని ఉద్దేశిస్తే ‘దౌ’, పలువురినైతే ‘యీ’ అని ఉంటుంది. అరబీలోని ఏకవచనం, బహువచనం తేడా అలా నిలిచింది. ఇప్పటి ‘యూ’లో ఆ తేడా తెలియదు.

యాస మాటలు తప్పు మాటలు కావు. చాలావరకు అవి పాత భాషలో మిగిలిన ముక్కలే. ఈ సంగతిని గట్టిగా చూపించినవాడు జోసెఫ్ రైట్. 1855లో యార్క్‌షైర్‌లో పుట్టి, చిన్నప్పుడే మిల్లు పనిలో చేరాడు. పదిహేనేళ్లకు కూడా చదవడం రాదు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. 1898 నుంచి 1905 వరకు ఆరు సంపుటాల ఇంగ్లీషు యాసల నిఘంటువు తెచ్చాడు. తన ఊరి మాటను ఆయన దాచుకోలేదు, అచ్చులో పెట్టాడు.

పిల్లలు పాత పుస్తకం చదువుతూ ఎక్కడైనా ఆగితే, తెలిసిన మాటనైనా ఒకసారి పెద్ద డిక్షనరీలో చూడమనండి. అర్థం పక్కన ‘ఆర్కేయిక్’ అని ఉంటే పాతబడిందని, ‘డయలెక్ట్’ అని ఉంటే యాసదని గుర్తు. ఇంట్లో మాట్లాడే దక్కనీని, ఊరి తెలుగును ‘తప్పు’ అని దిద్దే ముందు కూడా ఈ తేడా గుర్తుంచుకుంటే మంచిది.