గోదావరి లోయ శిలాశ్రేణుల పేర్లు

ప్రాణహిత–గోదావరి లోయలోని గోండ్వానా శిలాశ్రేణులు చాలావరకు పూర్వపు ఆదిలాబాద్ జిల్లా ఊళ్ల పేర్లతోనే శాస్త్రలోకానికి తెలుసు: మలేరి, ఎర్రపల్లి, భీమారం, ధర్మారం. కోట మాత్రం నదికి అవతల, సిరొంచ దగ్గరిది. గోండ్వానా అన్న పేరు కూడా గోండుల నేల నుంచి వచ్చిందే. రాతి రంగునో వయసునో కాక ఊరిని పట్టుకుని పేరు పెట్టడమే మేలని ఈ లోయ పరిశోధన చరిత్ర చూపుతుంది.

భూవిజ్ఞాన శాస్త్రవేత్త విలియం కింగ్ 1881లో ఈ లోయపై గ్రంథం వెలువరించిన కాలంలో కోట, మలేరి పొరలను ‘కోట–మలేరి’ అని ఒకే వర్గంగా చెప్పేవారు. కోట సున్నపురాతిలోని లెపిడోటిస్ చేపలు జురాసిక్ కాలాన్ని సూచించాయి. మలేరి ఎర్రమట్టిలోని సెరటోడస్ చేప పళ్లు, హైపరోడాపిడాన్ సరీసృపం ఎముకలు అంతకు ముందరి ట్రయాసిక్‌ను సూచించాయి. జంటపేరు ఈ అంతరాన్ని కప్పేసింది. అయినా ఏ శిలాజం ఏ ఊరి దగ్గరిదో ఆ పేర్లలోనే ఉంది కనుక మళ్లీ అక్కడికే వెళ్లి చూడటం సాధ్యమైంది. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ ఆహ్వానంపై పురాజీవ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చాక పొరలను కొత్తగా పరిశీలించారు. 1964లో ఎర్రపల్లి, 1969లో ధర్మారం విడి శ్రేణులయ్యాయి. ఎర్రపల్లి, మలేరి రెండూ ప్రధానంగా ఎర్రమట్టే, మధ్యలో భీమారం ఇసుకరాయి ఉంది. ‘ఎర్రమట్టి శ్రేణి’ అని పేరు పెట్టి ఉంటే ఈ విభజన ఇంకా చిక్కయ్యేది.

ఊరి పేరు రాతి గురించి ఏమీ చెప్పదని ఆక్షేపించవచ్చు. కానీ రాతి వయసుపై అభిప్రాయం మారుతుంది. కోట పొరల వయసుపై చర్చ సాగుతూనే ఉన్నా పేరు మార్చాల్సిన పని పడలేదు. ఇంతకన్నా బలమైన ఆక్షేపణ ఒకటుంది: రామగుండం బొగ్గు పొరలకు ఎక్కడో ఉన్న బరాకర్ నది పేరు, వాటికి పైనున్న ఇసుకరాళ్లకు నాగపూర్ దగ్గరి కాంప్టీ పేరు పెట్టారు. ఇది నిజంగా లోపమే. దూరపు పేరు తగిలిస్తే అక్కడి రాయీ ఇక్కడి రాయీ ఒకటేనని విచారణకు ముందే తీర్పు చెప్పినట్లవుతుంది. అయితే ఈ లోపం స్థానిక ఊరిని వదిలేయడం వల్ల వచ్చింది. అందుకు భిన్నంగా 1988లో శాస్త్రవేత్త యాదగిరి ఒక డైనోసార్‌కు కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టి శ్రేణినీ ఊరినీ కలిపి నమోదు చేశారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో ఉంది.